మునగని గడియ గిన్నె

మా నాయనమ్మ “సరే” అంటే పని అయిపోయినట్టే. “మీ ఇష్టం” అంటే మాత్రం ఆ పని ఆవిడకు ఇష్టం లేదని అర్థం. ఈ సంగతి ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. ఇంటికి సున్నం ఏ రంగు వేయించాలన్నా, గేదెను అమ్మాలన్నా నాన్న ఆవిడ ముందు నిలబడి “ఏమంటావమ్మా?” అని అడిగేవాడు. “మీ ఇష్టం” అందంటే కండువా దులుపుకుని వీధిలోకి నడిచేవాడు.

నా పెళ్ళి సంబంధం విషయంలో ఆవిడ “మీ ఇష్టం” అంది.

డెబ్బైల మొదట్లో మాట. నేను మా ఊరు తెనాలిలోనే బియస్సీ పూర్తి చేసి ఇంట్లో ఉన్నాను. భౌతికశాస్త్రం చదివానని నాకు కొంచెం పొగరు ఉండేది. కొంచెం కాదని మా వాళ్ళనేవాళ్ళు. సంబంధం కర్లపాలెం నుంచి వచ్చింది. వ్యవసాయం ఉన్న కుటుంబం, మంచివాళ్ళు. అబ్బాయి చదువుకున్నవాడు, అందగాడు, సిగరెట్టు కాల్చడు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, అతను సరుకులు మోసే పెద్ద ఓడలో ఇంజన్ల దగ్గర పనిచేస్తాడు. అదీ ఇనప ఓడ.

నాయనమ్మ పుట్టిల్లు నగరం దగ్గర ఒక పల్లె. ఆవిడ చిన్నప్పుడు తమ్ముడు ఒకడు కృష్ణ దాటుతుండగా పడవ మునిగి చనిపోయాడు. రేపల్లె బండెక్కి పుట్టింటికి పోయిన ప్రతిసారీ ఆవిడ ఏటి గట్టు వైపు చూడకుండా తల తిప్పుకుని కూర్చునేది. మా ఊళ్ళోని కాలవ మీద వంతెన దాటేటప్పుడు కూడా నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. నాకు ఊహ తెలియక ముందే మా అమ్మ పోతే నన్ను పెంచింది నాయనమ్మే. నా జడ వేసిందీ, జ్వరాలకు కషాయాలు కాచిందీ, కాలేజీలో చేరతానంటే నాన్నతో పోట్లాడి ఫీజు కట్టించిందీ ఆవిడే. ఆ రోజు చదువు సంగతిలో నాన్న నసిగితే “పిల్ల చదువుకుంటుంది, సరే!” అని తానే అడిగి తానే ఒప్పేసుకుంది. ఆ “సరే” లేకపోతే నాకు చదువు లేదు.

అందుకే నాన్న “మా అమ్మ సంగతి నాకొదిలెయ్, ముహూర్తం పెట్టించేస్తా” అన్నా నాకు మనసొప్పలేదు. అబ్బాయి నాకు నచ్చాడు, ఫొటోలోనే నచ్చాడు. కానీ నాయనమ్మ నోట సరే అన్న మాట వినకుండా పీటల మీద కూర్చోవడం నా వల్ల కాదు. వేరే ఎవరు ఎన్ని అక్షింతలు వేసినా నాకు అవి బియ్యపు గింజలే.

“చెక్క పడవే ముంచింది. ఇనప ఓడ ముంచదా?” అన్నది నాయనమ్మ ప్రశ్న. దానికి జవాబు నా దగ్గర ఉంది కదా అని నేను సంబరపడ్డాను.

ఒక మధ్యాహ్నం వంటింటి వసారాలో ఇత్తడి గంగాళం నిండా నీళ్ళు పోసి ఆవిడను పీట వేసి కూర్చోబెట్టాను. ముందు అట్లపెనం నీళ్ళలో వదిలాను. అది పక్కకు ఒరిగి ఠంగుమని అడుగుకు పోయింది. తర్వాత ఇనప బాణలి వదిలాను. అది ఊగుతూ తేలింది.

“చూశావా, రెండూ ఇనుమే, రెండూ ఇంచుమించు ఒకే బరువు” అన్నాను, కాలేజీలో మా లెక్చరరు నిలబడినట్టే నిలబడి.

“బాణలి తేలుతుందని నాకు తెలవదటే? రోజూ తోముతున్నా గదా” అంది ఆవిడ.

“తెలుసు, కానీ ఎందుకు తేలుతుంది? అదీ పాయింటు. ఏ వస్తువైనా నీళ్ళలో దిగితే కొన్ని నీళ్ళను పక్కకు నెడుతుంది. అట్లా నెట్టిన నీళ్ళ బరువెంతో, అంత బలంతో నీళ్ళు దాన్ని పైకి తోస్తాయి. పెనం పల్చగా చదునుగా ఉంది, కాసిని నీళ్ళనే నెడుతుంది. ఆ కాసిని నీళ్ళ బలం దాని బరువును మోయలేదు. బాణలి అంతే ఇనుము గానీ లోపలంతా ఖాళీ. ఆ ఖాళీతో సహా నీళ్ళలో చోటు ఆక్రమిస్తుంది, బోలెడు నీళ్ళను నెడుతుంది. తన బరువుకు సరిపడా నీళ్ళను నెట్టేదాకా దిగి అక్కడ ఆగిపోతుంది. ఓడ కూడా పెద్ద బాణలే.”

బాణలిలో గ్లాసెడు బియ్యం పోశాను. ఇంకొంచెం లోతుకు దిగి నిలబడింది. ఇంకో గ్లాసు పోశాను. ఇంకాస్త దిగింది. సరుకు ఎక్కించిన ఓడ కూడా ఇట్లాగే దిగుతుందని, ఎంతవరకు దిగొచ్చో ఓడ పక్కన గీత గీసి ఉంటుందని చెప్పాను. పాఠం బాగా కుదిరిందని నాకు నేనే మెచ్చుకుంటున్నాను.

నాయనమ్మ గంగాళంలోకి చాలాసేపు చూసింది.

“నీళ్ళు పైకి తోస్తాయన్నమాట.”

“అవును.”

“మరి మా తమ్ముణ్ణి ఎందుకు తొయ్యలేదే?”

నా బియస్సీ పుస్తకాల్లో ఆ ప్రశ్న లేదు. ఆవిడ కోపంగా అడగలేదు. దెప్పుతూ అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. నేను బాణలిలోని బియ్యం తీసి చేటలో పోశాను. ఆ రాత్రి నాయనమ్మ మామూలుగానే అన్నం కలిపి నాకు ముద్దలు పెట్టింది. అంత పెద్దదాన్నయ్యాక కూడా ఆవిడ చేతి ముద్దలు తినేదాన్ని, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

పెళ్ళిచూపులకు అబ్బాయి, అతని తల్లిదండ్రులు బాపట్ల వచ్చి రైలెక్కి తెనాలిలో దిగారు. కాఫీ, టిఫిన్లు అయ్యాయి. అందరూ నన్ను చూడటం అయ్యాక నాయనమ్మ అబ్బాయిని చూడటం మొదలుపెట్టింది.

“ఇనుము నీళ్ళలో ఎందుకు తేలుతుందో మా పిల్ల చెప్పిందిలే బాబూ. అది నన్ను పంతుళ్ళకన్నా ఎక్కువ సతాయించింది. నాకొకటే చెప్పు. తేలేదే అయితే పడవలు ఎందుకు మునుగుతాయి?”

మా నాన్న ముఖం పాలిపోయింది. పెళ్ళిచూపుల్లో మునగడం మాట ఏంటని అబ్బాయి తండ్రి ఇబ్బందిగా కదిలాడు. అబ్బాయి మాత్రం కాఫీ గ్లాసు పక్కన పెట్టి ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాడు.

“పడవలోకి నీళ్ళొస్తే మునుగుతుందండీ మామ్మగారూ. తేల్చేది చెక్కా కాదు, ఇనుమూ కాదు. లోపలున్న ఖాళీ. ఆ ఖాళీ చోటులోకి నీళ్ళు చేరితే ఆ నీళ్ళ బరువు కూడా పడవ మీదే పడుతుంది. పడవ ఇంకా కిందికి దిగుతుంది. దిగేకొద్దీ ఇంకా నీళ్ళొస్తాయి. జనాన్ని ఎక్కువ ఎక్కించినా అంతే. అంచు నీళ్ళకు దగ్గరైపోతుంది, చిన్న అల వచ్చినా లోపలికొచ్చేస్తుంది.”

“జనం ఎక్కువే అంట ఆ రోజు” అంది నాయనమ్మ, తనలో తనే అనుకుంటున్నట్టు.

మా తాతయ్య ఉన్నప్పుడు గానీ, పోయాక గానీ ఆవిడ ఆ తమ్ముడి మాట మగవాళ్ళ ముందు ఎత్తగా నేను వినలేదు. అబ్బాయి తల వంచుకున్నాడు. ఓదార్పు మాటలేమీ అనలేదు. నాకు అతని మీద గౌరవం పుట్టింది ఆ క్షణంలోనే. నేనైతే ఇంకో సూత్రం చెప్పి ఉండేదాన్ని.

నాయనమ్మే మాట మార్చింది. మాకు విత్తనాల కొట్టు ఉండేది. వడ్లు నీళ్ళలో పోసి, లోపల గింజ లేని తాలు తీసే పని దశాబ్దాలుగా ఆవిడ చేతుల మీదే నడిచింది. ఆ అలవాటు కొద్దీ అడిగింది.

“మా కొట్లో గట్టి గింజ అడుక్కి పోద్ది, తాలు గింజే పైకి తేలుద్ది. అంటే మీ ఓడ తాలేనా అబ్బాయ్?”

“అచ్చంగా తాలేనండి. పొట్టు ఇనప పొట్టు, అంతే.”

నాయనమ్మ నవ్వింది. పైట అంచు నోటికడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నాన్న ఆశగా ఆవిడ వైపు చూశాడు. వాళ్ళు వెళ్ళిపోయాక “ఏమంటావమ్మా?” అన్నాడు.

“మీ ఇష్టం” అంది.

పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనుకుని నాన్న తల పట్టుకున్నాడు. అయినా మాటలు సాగాయి. కర్లపాలెం వాళ్ళ ఇల్లు చూడటానికి మేము వెళ్ళినప్పుడు నాయనమ్మ కూడా వచ్చింది. అక్కడి నుంచి అబ్బాయి మమ్మల్ని సూర్యలంక సముద్రం దగ్గరకు తీసుకెళ్ళాడు. నాయనమ్మ సముద్రం చూడటం అదే మొదటిసారి. వీపు మీద కొంగు కప్పుకుని, కాళ్ళకు తడి తగలనంత దూరంలో నిలబడి, కళ్ళు చికిలించి నీళ్ళ చివర దాకా చూసింది. ఓడలేమీ కనపడలేదు.

అబ్బాయి దోసిట్లో నీళ్ళు తెచ్చి చూపించాడు. ఉప్పునీళ్ళు మంచినీళ్ళకన్నా బరువని, అందుకే నదిలో నుంచి సముద్రంలోకి వచ్చిన ఓడ ఇంకాస్త పైకి లేచి తేలుతుందని చెప్పాడు.

“అది నిజమేలే” అంది నాయనమ్మ. “నీళ్ళలో ఉప్పు కలిపితే సగమే నిండిన గింజలు కూడా పైకొచ్చేస్తయ్. మేము అట్టాగే తీస్తాం.”

“అదేనండి, అదే సంగతి” అన్నాడతను. నా పాఠాలకు తల ఊపని మనిషి అతని మాటకు సాక్ష్యం కూడా చెప్పడం చూసి నాకు కొంచెం ఉక్రోషం వచ్చింది, ఎక్కువ సంతోషం వచ్చింది.

అబ్బాయి తల్లి నాయనమ్మ పక్కన చేరి మెల్లగా అంది. “వీడు ఓడెక్కి పోయిన రోజున నాకూ ముద్ద దిగదండీ అత్తయ్యగారూ. మీరు భయపడుతున్నారని నాకేం కోపం లేదు.” నాయనమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ఇసకలో చాలాసేపు నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో మళ్ళీ “మీ ఇష్టం” అనలేదు. సరే అనీ అనలేదు. ఆ మౌనాన్నే నాన్న ఒప్పుకోలు కింద జమ వేసుకుని ఎండాకాలంలో ముహూర్తం పెట్టించేశాడు. నేను ఎదురు చెప్పలేకపోయాను. పీటల దాకా ఇంకా టైముంది, ఈలోగా అంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను.

మా ఇంట్లో పెళ్ళిళ్ళన్నీ గడియ గిన్నెతో జరిగేవి. మా పురోహితుడి ఇంట్లో తరతరాలుగా ఒక రాగి గిన్నె ఉండేది. కొబ్బరి చిప్ప అంత గిన్నె, అడుగున సూది బెజ్జమంత రంధ్రం. దాన్ని నీళ్ళ మీద వదిలితే ముందు తేలుతుంది. బెజ్జంలో నుంచి సన్నగా నీళ్ళు ఎక్కుతూ ఉంటే నెమ్మదిగా దిగుతూ, సరిగ్గా ఒక గడియకు, అంటే ఇరవై నాలుగు నిమిషాలకు, బుడుంగున మునుగుతుంది. ముహూర్తానికి గడియ ముందు దాన్ని వదులుతారు. అది మునిగిన క్షణంలో వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టాలి. ఆ రోజులకే ఇది చాలా ఇళ్ళల్లో పోయింది. పురోహితుడు కూడా చేతికి గడియారం పెట్టుకున్నాడు. అయినా మా నాయనమ్మ బతికుండగా మా ఇంట్లో గిన్నె వదలకుండా పెళ్ళి జరపడానికి ఆయనకు ధైర్యం లేదు.

ఇంకో ఆచారం ఉండేది. పెళ్ళికి ముందు రోజు ఆ గిన్నె పెళ్ళి జరిగే ఇంటికి వస్తుంది. ఇంట్లో పెద్ద ముత్తైదువో, పెద్దావిడో దాన్ని చింతపండుతో తోమి, పసుపు రాసి, దేవుడి దగ్గర పెట్టాలి. మా ఇంట్లో ఆ పని నాయనమ్మదే.

పెళ్ళి రోజు పొద్దున మా ఇంటి ముందు పందిట్లో నన్ను మేనమామ గంపలో మోసుకొచ్చి పీటల మీద దించాడు. మధ్యలో అడ్డుతెర. తెరకు అటు అతను, ఇటు నేను. పక్కనే గంగాళంలో గిన్నె తేలుతోంది. నా అరచేతిలో తమలపాకు, అందులో జీలకర్ర బెల్లం. నా చూపు మాత్రం నాయనమ్మ మీద ఉంది. ఆవిడ గంగాళానికి దగ్గరగా కుర్చీలో కూర్చుని ఎవరినీ చూడకుండా ఉంది. ఇంకా సరే అనలేదు. నాకు లోపల దుఃఖం పొర్లుకొస్తోంది. పెళ్ళికూతురు పుట్టిల్లు వదలలేక ఏడుస్తోందని చుట్టూ ఆడవాళ్ళు ముచ్చటపడుతున్నారు.

పురోహితుడు మంత్రాలు చదువుతూ మధ్యమధ్యలో గిన్నె వైపు చూస్తున్నాడు. కొంతసేపయ్యాక చేతి గడియారం చూసుకున్నాడు. మళ్ళీ గిన్నె చూశాడు. నాదస్వరం వాళ్ళు గట్టిమేళానికి బూరలు ఎత్తి పట్టుకుని ఉన్నారు.

“ఇంకా మునగలేదేంటి?” అన్నాడు మా పెదనాన్న.

“నా గడియారం ముందుకు పోతున్నట్టుంది” అన్నాడు పురోహితుడు. గిన్నెను అనుమానించాలని ఆయనకు తోచలేదు. తరాలుగా తప్పని గిన్నె మరి. పందిట్లో ఉన్న వాచీల వాళ్ళందరినీ టైము అడిగాడు. ఒకరి టైముకు ఒకరి టైముకు పొంతన లేదు. మగపెళ్ళివారి వైపు ఒకాయన మాత్రం ఆ పొద్దున రేడియోతో సరిచూసుకున్నానని చెప్పాడు. ఆయన లెక్క ప్రకారం ముహూర్తం వచ్చేసింది. నా చేతిలో బెల్లం కరిగి వేళ్ళ సందుల్లోంచి కారుతోంది.

తెర అవతల నుంచి పెళ్ళికొడుకు గొంతు వినపడింది. “పంతులుగారూ, ఆ గిన్నె ఇందాక ఎంత లోతులో ఉందో ఇప్పుడూ అంతే ఉందండి. అసలు నీళ్ళు ఎక్కట్లేదు.”

నీళ్ళ మీద బతికేవాడి కన్ను అది. పురోహితుడు గిన్నె పైకెత్తి లోపల చూశాడు. పొడిగా ఉంది. తిప్పి అడుగు చూశాడు. పసుపు కలిపిన మైనంతో బెజ్జం నిండుగా, నున్నగా మూసి ఉంది.

“ఎవరు చేశారమ్మా ఈ పని?”

“నేనే” అంది నాయనమ్మ.

నాన్న “అమ్మా!” అని ఒక అడుగు వేసి ఆగిపోయాడు. మగపెళ్ళివారి ముఖాలు చూడాలంటే నాకు భయమేసింది. ఈ పెళ్ళి ఇష్టం లేక ఆవిడ ముహూర్తం తప్పించాలని చూసిందని అందరూ అనుకునే ఉంటారు. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నేనూ అదే అనుకున్నాను.

నాయనమ్మ లేచి నిలబడింది.

“మా ఇంట్లో ఎన్నో పెళ్ళిళ్ళకి ఆ గిన్నె తోమాను పంతులుగారూ. అది మునుగుద్దని నాకు తెలుసు, మునగాలనీ తెలుసు. కానీ ఆ పిల్లాడు నీళ్ళ మీద బతికేవాడు. వాడి పెళ్ళిలో, వాడి కళ్ళెదురుగా, గిన్నె మునిగిందాకా చూసి మేళాలు వాయించమంటే నా ప్రాణం ఒప్పుకోలేదు. నీళ్ళు లోపలికి పోకపోతే మునగదని అతనే చెప్పాడు. అందుకే చిల్లు మూశాను. మూస్తే తేలింది. తప్పయితే నన్ననండి, పిల్లల్ని ఏమీ అనొద్దు.”

నేను గంగాళం పెట్టి చెప్పిన పాఠం ఆవిడ తలకు ఎక్కలేదనుకున్నాను. ఎక్కింది, అతను చెప్పింది కూడా ఎక్కింది. లోహం తేలాలంటే ఏం కావాలో, ఏం రాకూడదో అంతా అర్థం చేసుకుని, ఆ తెలిసిన ముక్కను తన చేత్తో మైనంలా నలిపి మా కోసం ఆ బెజ్జంలో పెట్టింది. నా జన్మలో నాకందిన ఆశీర్వాదాలన్నింటిలోకీ అంత శాస్త్రబద్ధమైనది ఇంకోటి లేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ సంగతి తలుచుకుంటే రెండు చేతులూ వాటంతటవే జోడవుతాయి.

పురోహితుడు కాసేపు గిన్నెను, కాసేపు ఆవిడను చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“లగ్నం ఇంకా దాటలేదు లెండి. మైనం తీసెయ్యమంటారా, గడియారం చూసి కానిచ్చెయ్యమంటారా?”

“తియ్యకండి” అన్నాడు తెర అవతల నుంచి అతను. “అట్లాగే తేలనివ్వండి.”

పురోహితుడు గిన్నెను మళ్ళీ నీళ్ళ మీద పెట్టాడు. నాయనమ్మ తెర దగ్గరకు వచ్చి, పక్కగా వంగి అతని ముఖం చూసింది.

“అబ్బాయ్, మీ ఓడకి చిల్లు పడిందో లేదో ఎవరు చూస్తారు?”

“మేమేనండి మామ్మగారూ. అడుగున ఎక్కడన్నా నీళ్ళు చేరాయేమో కొలిచి చూస్తాం. అదే మా పొద్దుటి పని.”

“రోజూనా?”

“రోజూ అండి.”

“పండగ రోజు?”

“పండగైనా, పబ్బమైనా, ఒళ్ళు బాగా లేకపోయినా సరేనండి. చూడకుండా ఉండం.”

నాయనమ్మ ఇటు తిరిగి, నా చేతి నుంచి కారుతున్న బెల్లాన్ని తన కొంగుతో తుడిచి, తమలపాకు సరిగ్గా పట్టించింది.

“అయితే సరే” అంది. “కానివ్వండి.”

అప్పుడే నేను జీలకర్ర బెల్లం ఉన్న చెయ్యి ఎత్తాను.